ఊపిరి వదిలాక తీసిన కొలత

టేపు మాస్టారి దగ్గర చొక్కా కుట్టించుకోవాలంటే ముందు ఆయన ఘనత వినాలి. ఆ తర్వాతే కొలత. అది ఆ షాపు పద్ధతి. మెట్లెక్కి పైకి వెళ్తే పన్నెండడుగుల గది. కిటికీ పక్కన రెండు కుట్టు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకు నిలువుటద్దం. మూలన బట్టలు వేసుకుని చూసుకోవడానికి చిన్న గది. అందరి షాపుల్లోలాగా దానికి పరదా కాదు, తలుపు. తలుపుకి లోపలి గడియ. ఆ గడియ మాస్టారు తన చేతులతో బిగించింది.

మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. అరవై నాలుగేళ్ళు వచ్చినా సూదిలోకి దారం మొదటి ప్రయత్నంలోనే ఎక్కిస్తాడు. పల్లెటూరి బడిలో ఐదో తరగతి వరకే చదివాడు కానీ, ఆ ఐదేళ్ళూ లెక్కల్లో మొదటివాడు. ఇరవై రెండేళ్ళకే బ్యాండు వాళ్ళకి ఇరవై ఎనిమిది కోట్లు, ఒక్కొక్క కోటుకీ పన్నెండు ఇత్తడి గుండీలతో, పదకొండు రోజుల్లో ఒంటి చేత్తో కుట్టి ఇచ్చాడు. ఒక జడ్జిగారి నల్లకోటు కుట్టాడు. ఒక కుస్తీ వస్తాదుకి మెడ పంతొమ్మిదిన్నర అంగుళాలుంటే, వేరే దర్జీలు చేతులెత్తేస్తే, కాలరు కూర్చోబెట్టాడు. అన్నిటికన్నా మించి, షాపు పెట్టిన నలభై ఒక్క ఏళ్ళలో తను కుట్టిన గుడ్డ ఒక్కటీ వెనక్కి రాలేదు. 

ఈ జాబితా మొదలవగానే, కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుట్టే ఆయన భార్య కళ్ళజోడు పైనుంచి చూసి, "పెట్టారండీ రేడియో" అనేది. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ నర్సమ్మే. 

మాస్టారు అందరికీ చెప్పని ఘనత ఇంకొకటుంది. బడి రిజిస్టరులో ఆయన పేరు ఆడపిల్ల పేరు. ఇంట్లో ఆయన మూడో కూతురు. పంతొమ్మిదో ఏట జుట్టు కత్తిరించుకుని, తన కొలత తనే తీసుకుని, తన ప్యాంటు తనే కుట్టుకుని, ఆ ప్యాంటుతోనే ఈ ఊరికి బస్సెక్కాడు. ఆయన జీవితంలో కుట్టిన మొదటి ప్యాంటు అదే. వీధికి ఈ సంగతి తెలుసు. తెలిసి ఎన్నేళ్ళయిందంటే, చెప్పుకోవడం కూడా విసుగొచ్చి మానేశారు. కానీ తనలాగే ఆడపిల్లగా పెరిగి మగవాడిగా బతుకుతున్న కుర్రాళ్ళు, మూడు బస్సులు మారి మరీ ఆ మెట్లెక్కుతారు. వాళ్ళకి మాత్రం మాస్టారు ఆ మొదటి ప్యాంటు కథతోనే మొదలుపెడతాడు.

అలా ఒక ఉదయం ఇద్దరు వచ్చారు. ముందు ఒక అక్క, వెనక ఆవిడ తమ్ముడు. తమ్ముడికి ఇరవై ఆరేళ్ళుంటాయి. చంకలో ఖాకీ బట్ట పొట్లం. నోరు మాత్రం అంతా అక్కదే.

"మాస్టారూ, వీడు మా తమ్ముడు. బస్సు డ్రైవరు. అంటే ఇంకా కాలేదు, అవుతాడు. పది రోజుల్లో ట్రయలు. నిండు బస్సుతో నాలుగు గంటలు నడపాలి, పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చుని రాసుకుంటాడు. పాసైతే ఉద్యోగం పర్మనెంటు. కాగితాల్లో కొత్త పేరు ఎక్కాక వీడు వేసుకునే మొదటి యూనిఫారం ఇది. మీరైతేనే మాలాంటివాళ్ళకి బాగా కుడతారని..."

"మాలాంటివాళ్ళా? నువ్వెప్పుడు చేరావక్కా?" అన్నాడు తమ్ముడు. 

"నోర్మూసుకో. నీ తరఫున మాట్లాడీ మాట్లాడీ నేనూ సభ్యురాలినే అయిపోయాను."

మాస్టారికి ఇద్దరూ తెగ నచ్చేశారు. లేచి టేపు తీశాడు. "నాయనా, నువ్వు సరైన చోటికి వచ్చావు. ఇరవై ఎనిమిది కోట్లు, పదకొండు రోజులు..." అంటూ ఛాతీ చుట్టూ టేపు వేశాడు. కుర్రాడు కర్రలా బిగుసుకుపోయాడు. మొదటిసారి వచ్చినవాళ్ళు అలాగే సిగ్గుపడతారులే అనుకున్నాడు మాస్టారు. ఆయన ధ్యాసంతా ఇత్తడి గుండీల మీద ఉంది. ముప్పై నాలుగున్నర అని పుస్తకంలో రాసుకున్నాడు.

"కొంచెం ఫిట్టింగుగా ఉండాలి మాస్టారూ" అన్నాడు కుర్రాడు, గాలి బయటికి రానంత సన్నని గొంతుతో. 

"నాకు చెప్తున్నావా? నలభై ఒక్క ఏళ్ళు!" అన్నాడు మాస్టారు.

ఆరో రోజున చొక్కా వేసి చూసుకోవడానికి మళ్ళీ వచ్చారు. కుర్రాడు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, యూనిఫారం వేసుకుని బయటికి వచ్చాడు. అద్దం ముందు నిలబడితే, ముచ్చటగానే ఉంది. కానీ మాస్టారికి ఒక నియమముంది. నిలబడి చేసే పనివాడి చొక్కా నిలబెట్టి చూడాలి, కూర్చుని చేసే పనివాడి చొక్కా కూర్చోబెట్టి చూడాలి. కుర్చీ వేసి, పాత నీళ్ళ డ్రమ్ము మూత ఒకటి చేతికిచ్చాడు. "ఇదే స్టీరింగు. తిప్పు."

కుర్రాడు తిప్పాడు. అక్క వెనక ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. 

"డ్రైవరుగారూ, ఆపండాపండి! నా స్టాపు దాటిపోయింది!"

"కూర్చోమ్మా, వచ్చే స్టాపులో దింపుతాను."

"ఏం నడుపుతున్నావయ్యా, ఇది బస్సా, ఉయ్యాలా? నా ఒళ్ళో ఈవిడ కూర్చుంది, ఈవిడ ఒళ్ళో వాళ్ళాయన కూర్చున్నాడు!"

కుర్రాడికి నవ్వాగలేదు. ఒక్కసారి పగలబడి నవ్వాడు. టప్‌మని రెండో గుండీ తెగి, అద్దానికి తగిలి, గిర్రున తిరుగుతూ మిషను కిందికి పోయింది.

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నలభై ఒక్క ఏళ్ళలో మొదటి గుండీ! పుస్తకం తీసి చూశాడు. ముప్పై నాలుగున్నర. టేపు సాగిపోయిందేమోనని గబగబా వెళ్ళి భార్య భుజం కొలిచాడు. 

"నా భుజం పెళ్ళయినప్పటి నుంచీ పదిహేనంగుళాలే. నన్ను వదిలేసి ఆ పిల్లాడిని చూడండి" అంది నర్సమ్మ.

అప్పుడు చూశాడు. కుర్రాడు నవ్వు ఆపి పక్కటెముకల మీద చెయ్యి అదుముకుని వంగిపోయి ఉన్నాడు. పెదాలు పాలిపోయాయి. ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా వస్తోంది.

"లోపల ఏం కట్టావురా?" అన్నాడు మాస్టారు, ఈసారి రేడియో గొంతు కాదు.

"క్రేప్ బ్యాండేజీ. కాలు బెణికితే కడతారే, అది. నాలుగు చుట్లు."

"ఎంతసేపటి నుంచి?"

"పొద్దున్న కట్టుకుని, పడుకునే ముందు తీసేస్తాను."

"అబద్ధం!" అక్క లేచి నిలబడింది. "పడుకున్నప్పుడు కూడా తియ్యడు. నిన్న నేనే చూశాను, చొక్కాలోంచి కొస వేలాడుతోంది. అడిగితే బనీను దారం అన్నాడు. మొన్న బ్రిడ్జి మలుపులో బస్సు తిప్పుతుంటే కళ్ళు తిరిగాయట. ఇంకోసారి అలా అయితే పనికిరాడని రాసేస్తానన్నాడట నేర్పించే ఆయన. అది మాత్రం నిన్న రాత్రి దాకా నాకు చెప్పలేదు!"

కుర్రాడు తల దించుకున్నాడు. "అది లేకుండా ఆ సీట్లో కూర్చోలేనక్కా. నలభై మంది ఎక్కుతూ దిగుతూ నన్నే చూస్తారు."

మాస్టారు బల్ల అంచు మీద కూర్చుండిపోయాడు. తను కొలత తీసింది ఛాతీని కాదు, బిగబట్టిన ఊపిరిని. ఇంకెవరైనా ఈ పొరపాటు చేస్తే అర్థముంది. తను చేశాడు!

"ఏమండీ," అంది నర్సమ్మ నెమ్మదిగా, "ఆ ఇరవై ఎనిమిది కోట్ల కథ ఉంది చూశారూ, దాని మిగతా సగం కూడా చెప్పండి. ఎప్పుడూ సగంలోనే ఆపేస్తారు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఘనతలు చెప్పడానికి ఎన్నడూ తడుముకోని మనిషి, మాటలు వెతుక్కున్నాడు. "పదకొండు రోజులు కుట్టాను, నిజమే. లోపల డేరా గుడ్డ పట్టీ బిగించుకుని కుట్టాను. పదకొండో రోజు ఆఖరి గుండీ వేసి మిషను మీద పడిపోయాను. ఆస్పత్రిలో తెలివొచ్చింది. ఒక పక్కటెముక బీటేసింది. నెల రోజులు మంచం మీదున్నాను. బ్యాండు వాళ్ళు ఆ కోట్లేసుకుని వాయిస్తూ ఆస్పత్రి ముందు నుంచే వెళ్ళారు. నేను మాత్రం కిటికీ దాకా లేచి చూడలేకపోయాను."

"ఆ పట్టీని కత్తెరతో కోసింది నేనే" అంది నర్సమ్మ. "అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. కళ్ళు తెరిచి ఈయన అడిగిన మొదటి మాటేంటో తెలుసా? 'గుడ్డని అంత వంకరగా కోశారేమిటండీ' అని."

అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కుర్రాడు కూడా నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. నర్సమ్మ లేచి చెప్పులేసుకుంది. "పద. ముందు ఆ బ్యాండేజీ తీసి ఇవ్వు. తర్వాత డాక్టరు దగ్గరికి. నడుస్తావా, ఆటో పిలవనా?"

గంటన్నరలో తిరిగొచ్చారు. ఎముక బీటెయ్యలేదు, అది అదృష్టం. కానీ డాక్టరు గట్టిగా చెప్పింది: పదిహేను రోజులు ఛాతీ మీద ఏ పట్టీ కట్టడానికి వీల్లేదు. కళ్ళు తిరిగింది ఊపిరి చాలకే కాబట్టి, అది విప్పేస్తే బస్సు నడపడానికి అడ్డేమీ లేదు. ట్రయలుకి ఇంకా నాలుగు రోజులే ఉంది.

"అయితే నేను ట్రయలుకి వెళ్ళను" అన్నాడు కుర్రాడు.

మాస్టారు లేచాడు. కుర్రాడు విప్పి వెళ్ళిన ఖాకీ చొక్కాని బల్ల మీద పరిచి, కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టాడు. "నాలుగు రోజుల్లో ఇరవై ఎనిమిది కోట్లు కుట్టమంటే కుదరదు. ఒక్క చొక్కా కుట్టలేనా? ఇటు రా. చేతులు వదిలెయ్. ఊపిరి వదులు. ఇంకా వదులు. ఇక్కడ నిన్ను చూసేవాళ్ళెవరూ లేరు, నేనూ నా టేపూ."

ముప్పై ఏడు. గట్టిగా పీల్చమంటే ముప్పై ఎనిమిదిన్నర. డిపో ఇచ్చిన బట్ట కొలిచి ఇచ్చింది, జానెడు కూడా మిగల్లేదు. కానీ మాస్టారు ఏ చొక్కాకైనా లోపల రెండు పక్కలా అంగుళమున్నర మడిచి దాస్తాడు. మనిషి ఎప్పుడైనా పెరగొచ్చని. ఆ దాచిన బట్ట ఇప్పుడు బయటికొచ్చింది.

ఆ మూడు రోజులూ కుర్రాడు మధ్యాహ్నాలు షాపులోనే గడిపాడు. నొప్పి మొదటి రోజు సగమైంది, రెండో రోజుకి పోయింది. మాస్టారు మిషను తొక్కుతూనే పాఠం చెప్పాడు. "కట్టు చేసే పని చొక్కాతో చేయించాలి. ముందు భాగానికి లోపల దళసరి గుడ్డ వేస్తున్నాను చూడు, అది ఒంటికి అంటుకోదు, నిటారుగా జారుతుంది. భుజం దగ్గర ఈ మడతలు కూడా అందుకే. రెండు పెద్ద పాకెట్లు, మూతలతో. చూసేవాడి కన్ను పాకెట్ల దగ్గరే ఆగిపోవాలి. ప్యాంటు మరీ నడుముకెక్కించకు, రెండు వేళ్ళు కిందికి కట్టు, తుంటి కనపడదు. పక్క జేబులు నిలువుగా ఉండాలి, ఏటవాలు వద్దు."

"మరి పదిహేను రోజుల తర్వాత?"

దానికి నర్సమ్మ జవాబిచ్చింది. బీరువాలోంచి కొత్త బైండర్లు, ఛాతీని అదిమి ఉంచే బనీన్లలాంటివి, నాలుగు సైజుల్లో తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ఈ పని కోసమే కుట్టింది. నీ సైజు ఇదీ. ఇంకా చిన్నది వేసుకుంటే ఇంకా బాగుంటుందని ఆశపడకు. ఎనిమిది గంటలు దాటకూడదు. పడుకునేటప్పుడు తియ్యాలి, పరుగెత్తేటప్పుడు తియ్యాలి, నొప్పి వస్తే అక్కడికక్కడ తియ్యాలి. రోజుకి నాలుగుసార్లు గట్టిగా పీల్చి దగ్గు. వారంలో ఒక రోజు దానికి సెలవు. సరే, మగ హార్మోను ఇంజెక్షన్లు ఎవరిస్తున్నారు?"

"డాక్టరే. అయిదు నెలలైంది. మా ఫ్రెండు ఒకడు డోసు రెట్టింపు చేసుకో, గడ్డం తొందరగా వస్తుందన్నాడు."

"ఆ ఫ్రెండు డాక్టరా?"

"ఫోన్లు రిపేరు చేస్తాడు."

"అయితే ఫోను పాడైతే అడుగు. రక్తపరీక్ష తారీకులు తప్పకు. ఇంకో మాట, సిగ్గుపడి మానెయ్యకు, ఒంట్లో ఉన్న ప్రతిదానికీ పరీక్ష చేయించుకోవాలి, పేరు మారినా ఒళ్ళు నీదే."

గడ్డం మాట రాగానే మాస్టారికి ఉత్సాహం వచ్చింది. అద్దం ముందు నిలబెట్టి గీసుకోవడం నేర్పాడు. వేడినీళ్ళతో మొహం తడుపుకోవాలి. వెంట్రుక ఏ వైపు వాలితే ఆ వైపే గీయాలి. ఎవరి బ్లేడూ ఎవరికీ ఇవ్వకూడదు. అక్క దగ్గరికొచ్చి తమ్ముడి గడ్డం పట్టి తిప్పి చూసింది. 

"మాస్టారూ, ఇందులో ఉన్నవి మొత్తం తొమ్మిది వెంట్రుకలు. వీటికి బ్లేడెందుకు, పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తాయి."

"పదకొండు" అన్నాడు తమ్ముడు పౌరుషంగా.

తర్వాత కాగితాల సంగతి. మాస్టారు సొంత అనుభవం చెప్పాడు. పాత కాగితం ఏదీ చింపెయ్యకూడదు, పాత పేరుకీ కొత్త పేరుకీ మధ్య వంతెన అదే. లైసెన్సు, బ్యాంకు, ఆస్పత్రి కార్డు, అన్నీ ఒకే నెలలో మార్పించుకోవాలి. ప్రతిదానికీ మూడు నకళ్ళు తీసి ఒకటి అక్క దగ్గర దాచాలి.

చివరికి కుర్రాడు చాలాసేపటి నుంచి అడగలేకపోతున్నది అడిగాడు. "బాబాయ్, డిపోలో... మగవాళ్ళ బాత్రూమ్." మాస్టారు కాస్తా బాబాయి ఎప్పుడయ్యాడో ఎవరూ గమనించలేదు.

"నలభై అయిదేళ్ళ నుంచి వెళ్తున్నాను, నా మాట విను. అక్కడ ఎవడూ ఎవడి మొహమూ చూడడు. నేరుగా వెళ్ళు, తలుపున్న దాంట్లో దూరు, పని చూసుకుని రా. ఒక్క జాగ్రత్త. బయటికొచ్చి శుభ్రంగా సబ్బుతో రెండు నిమిషాలు చేతులు కడుక్కున్నావనుకో, వీడెవడో తేడాగా ఉన్నాడని అప్పుడు చూస్తారు."

"కడుక్కోవాలి!" అంది నర్సమ్మ.

"కడుక్కోవాలి" అన్నాడు మాస్టారు వెంటనే.

ట్రయలు రోజు పొద్దున్నే మాస్టారు కోటేసుకుని, నర్సమ్మని వెంటబెట్టుకుని, మొదటి స్టాపులోనే బస్సెక్కి మూడో వరుసలో కూర్చున్నాడు. వెనక సీట్లో అక్క. మాట్లాడనని ఒట్టేసి వచ్చింది. డ్రైవరు పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు, ఒళ్ళో అట్ట, చేతిలో పెన్ను. లావుపాటి మనిషి, పొట్ట మీద చొక్కా గుండీలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి.

మొదటి అరగంట కుర్రాడి భుజాలు పైకి ఎత్తుకునే ఉన్నాయి. ఎక్కే ప్రతి మనిషి వైపూ ఓరగా చూస్తున్నాడు. ఎక్కేవాళ్ళు మాత్రం ఖాళీ సీటు ఎక్కడుందా అని చూస్తున్నారు. పదో స్టాపు దాటేసరికి భుజాలు దిగాయి. బ్రిడ్జి మలుపు వచ్చింది. మాస్టారు సీటు కడ్డీ పట్టుకుని, తనే ఊపిరి బిగబట్టాడు. 

"మీరు వదలండి, పక్కటెముకలు జాగ్రత్త" అంది నర్సమ్మ చెవిలో. 

కుర్రాడు వీపు నిండా గాలి పీల్చడం వెనక నుంచే కనిపించింది. భుజం మడతలు విచ్చుకున్నాయి, మూసుకున్నాయి. బస్సు నీళ్ళ మీద తేలినట్టు మలుపు తిరిగింది. మాస్టారు పక్కనున్న ముసలాయన చెవిలో, "ఆ చొక్కా నేను కుట్టిందే" అన్నాడు. "బస్సు కూడానా?" అన్నాడు ముసలాయన.

సంత దగ్గర జనం ఎగబడి మెట్ల దగ్గరే ఆగిపోయారు. కుర్రాడు వెనక్కి తిరిగి, "జరగండి! వెనక్కి జరగండి!" అని అరిచాడు. అయిదు నెలలుగా మారుతున్న గొంతు కదా, మొదటి 'జరగండి' బావిలోంచి వచ్చినట్టొచ్చింది. రెండోది పిల్లనగ్రోవిలా పైకి లేచిపోయింది. బస్సంతా గొల్లుమంది. 

"ఏమయ్యా డ్రైవరూ, హారను నోట్లో పెట్టుకున్నావా?" అన్నాడెవరో.

నర్సమ్మ మాస్టారి చెయ్యి పట్టుకుంది. అక్క ఒట్టు తీసి గట్టు మీద పెట్టడానికి లేవబోయింది. కుర్రాడు ఒక్క క్షణం ఎర్రబడ్డాడు. తర్వాత, "రెండు హారన్లున్నాయండీ, ఏది కావాలంటే అది కొడతాను!" అని తనే పగలబడి నవ్వాడు. తల వెనక్కి వేసి, ఛాతీ నిండా, గట్టిగా. మాస్టారి చూపు రెండో గుండీ మీదే ఉంది. గుండీ కదల్లేదు. జనం నవ్వుకుంటూ వెనక్కి జరిగారు.

నాలుగు గంటలయ్యాక డిపోలో బస్సు ఆగింది. ఇన్‌స్పెక్టరు అట్ట మీద కాగితం తిప్పి, కిందకి దిగి, చదివాడు. "పాస్. మలుపులు బాగున్నాయి. ప్రయాణికులతో తీరు బాగుంది. ఒక్క లోపం. యూనిఫారం పాకెట్లు నిబంధన కన్నా అంగుళం పెద్దవి."

అక్క కేక డిపో అవతలిదాకా వినబడింది. కుర్రాడు ఆవిడ కౌగిట్లోంచి బయటపడలేక గింజుకుంటున్నాడు. మాస్టారు మాత్రం ఆ 'పాస్' వినిపించుకోలేదు. నేరుగా ఇన్‌స్పెక్టరు ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"లోపమా? సార్, నేను షాపు పెట్టి నలభై ఒక్క ఏళ్ళయింది. ఇరవై ఎనిమిది కోట్లు పదకొండు రోజుల్లో కుట్టాను, తర్వాత నెల రోజులు మంచమెక్కాను. వస్తాదుకి కాలరు కూర్చోబెట్టాను. నేను కుట్టినవాటిలో వెనక్కి వచ్చింది ఒకే ఒక్క చొక్కా, అదీ ఇదే, అదీ నా తప్పు వల్లే. మీ నిబంధన ఎవరు రాశారో గానీ, వాళ్ళు బస్సు నడిపే మనిషిని కూర్చోబెట్టి కొలవలేదు. మీ చొక్కానే చూడండి. ఆ నాలుగో గుండీ ఈ వారం దాటదు."

ఇన్‌స్పెక్టరు కిందికి చూసుకుని, గబుక్కున పొట్ట లోపలికి లాక్కున్నాడు. "డిపో దర్జీ కుట్టాడు... నిజంగా బిగుతుగానే ఉంటోంది. కూర్చుంటే ఆయాసం వస్తోంది."

నర్సమ్మ తలకొట్టుకుంది. మాస్టారు అప్పటికే మెడలో టేపు తీసి ఆయన చుట్టూ వేశాడు. నోట్లో ఏ ఘనతా లేదు. కళ్ళు టేపు మీద, చెవి ఆయన ఊపిరి మీద పెట్టి, కాసేపు ఆగాడు.

"ఊపిరి వదలండి సార్" అన్నాడు. "ఇక్కడ మిమ్మల్ని చూసేవాళ్ళెవరూ లేరు."